ముస్తాబైన సినిమా హాలు

తిరుపతి, జూన్ 2

గౌరవనీయులు వెంకటముని గారికి నమస్కారాలు.

నేను పాడుబడిన కట్టడాలను ఫొటోలు తీస్తుంటాను. ఐరాలలో పదిహేనేళ్లుగా మూతపడిన మీ సినిమా హాలును బస్సులోంచి చూసి మనసు పారేసుకున్నాను. గోడ చీల్చుకుని వచ్చిన ఆ రావిమొక్క, సగం కూలిన ఆ పైకప్పు ఎంత బాగున్నాయో! ఒక ఫొటోల పోటీకి ఈ నెలాఖరు గడువు. గెలిస్తే నా ఫొటోలు పుస్తకంగా వేస్తారు. ఎనిమిదేళ్లుగా నా ఆశ అదొక్కటే. ఇరవయ్యో తేదీన రావచ్చా?

ఇట్లు,
నిలోఫర్

తా.క.: మీరు ఫోన్ ఎత్తరని మీ ఊరి పోస్టుమాస్టరే చెప్పారు.

ఐరాల, జూన్ 6

అమ్మాయి నిలోఫర్‌కు ఆశీస్సులు.

మా నాయన కట్టించిన హాలుకు ఫొటో తీస్తారని ఊరంతా చెప్పుకుని వచ్చాను. అయితే నీ కంటికి ఆ మొక్కే కనబడిందే అని సిగ్గుతో చచ్చిపోయాను. ఫొటోకు నిలబడే మనిషి తల దువ్వుకోడా? మొక్క కొట్టించేశాను. రేపటి నుంచి గోడలకు సున్నం.

ఇట్లు,
వెంకటముని

తా.క.: గబ్బిలాలను తరిమేశాను. ఫొటోలో నల్లగా పడతాయి.

తిరుపతి, జూన్ 9

అయ్యా, మీకు దండం పెడతాను!

సున్నం వద్దు. ఏమీ వద్దు. నా కోసం దేన్నీ ముట్టుకోకండి. ఉన్నది ఉన్నట్టు చాలు.

నిలోఫర్

తా.క.: గబ్బిలాలు తిరిగొస్తే ఏమీ అనకండి.

ఐరాల, జూన్ 12

అమ్మాయికి ఆశీస్సులు.

నీ మొహమాటం చూసి ముచ్చటేసింది. మా ఇంటికొచ్చే చుట్టాలూ ‘ఏమీ వద్దు, మంచినీళ్లు చాలు’ అనే అంటారు. అన్నారని అన్నం పెట్టకుండా పంపుతామా? పైకప్పుకు రేకులు వేయించాను. తలుపులు, కిటికీలు బిగించాం. గోడలకు గులాబీ రంగు. నా భార్య శకుంతలమ్మ చిత్తూరులో కూతురింటికి వెళ్లింది కాబట్టి పని చకచకా సాగుతోంది.

వెంకటముని

తా.క.: సీరియల్ లైట్లు కూడా చెప్పాను. మళ్లీ వద్దంటావు, నాకు తెలుసు.

తిరుపతి, జూన్ 15

వెంకటముని గారికి,

అది మొహమాటం కాదండీ! నాకు కావలసింది పాడుబడిన కట్టడం. రేకులు ఊడి, గోడలు కూలి ఉండాలి. గులాబీ రంగు హాలును పోటీకి పంపితే నవ్విపోతారు. పదిహేను రోజుల్లో ఇంకో చోటు యాడ వెతుక్కోను? ఏడుపొస్తోంది. ఇక నేను రాను.

నిలోఫర్

ఐరాల, జూన్ 19

అమ్మాయి నిలోఫర్‌కు,

తప్పు నాదే తల్లీ. కానీ దిగులుపడకు, నువ్వడిగినది సిద్ధంగా ఉంది. హాలుకు బిగించిన ఆ రేకులు, తలుపులు, కిటికీలు అన్నీ మా ఇంటివే. మా నాయన పేరు నిలబెట్టాలన్న తొందరలో పీకించేశాను. మొన్నటి వానకు ఇంటి పడమటి గోడ కూడా కూలింది. నిన్న చిత్తూరు నుంచి దిగిన శకుంతలమ్మ వీధిలో నిలబడి, ‘‘ఏమయ్యా, ఈ పాడుకొంప ఎవురిది? మనిల్లు యాడుండాది?’’ అని నన్నే అడిగింది. నువ్వు రాసినట్టే ఉంది ఇల్లు, అచ్చంగా. ఈసారి దేన్నీ ముట్టుకోను, ఒట్టు. వెంటనే బయలుదేరి రా.

నీ రాకకై ఎదురుచూస్తూ,
వెంకటముని

తా.క.: ఇప్పుడు మా కాపురం హాలులోనే. శకుంతలమ్మ బాల్కనీలో ఉంటోంది. నన్ను మాత్రం నేల క్లాసు దాటి పైకి రానివ్వడం లేదు.