అద్దాల పెట్టెలో రెండు డైరీలు

ఫిబ్రవరి 2

మా అమ్మాయి డైరీ చదివాను. పరుపు కింద దొరికింది. దొరికిందనడం అబద్ధం, వెతికాను. క్లాసులో కుర్రాడెవరో, బస్టాపు, వాన, ఒక ముద్దు. చెంప పగలగొట్టాను. ఫోన్ లాక్కున్నాను. హాస్టల్లో ఉండి పై చదువు చదువుతానన్న మాట ఇక ఎత్తొద్దన్నాను.

ముల్లు మీద ఆకు పడ్డా, ఆకు మీద ముల్లు పడ్డా చిరిగేది ఆకేనని మా అమ్మ నాకు చెప్పిన మాటే దానికీ అప్పజెప్పాను. మరి ముల్లునెవరూ ఏమీ అనరేం అని అడిగింది. నోరు లేస్తోందే నీకు అన్నాను.

ఫిబ్రవరి 3

మా అబ్బాయి మూడు రోజుల తర్వాత ఇల్లు చేరాడు. ఎవరో అమ్మాయితో సముద్రం చూడ్డానికి వెళ్లాడట. తనే చెప్పాడు, నవ్వుతూ. మా ఆయన పేపరు దించకుండానే, తిరిగి ఆడది చెడింది, తిరక్క మగాడు చెడ్డాడు అన్నారు. నేనూ నవ్వాను. ఎండకి కమిలిపోయావురా అంటూ వాడికి అన్నం వడ్డించాను.

అమ్మాయి కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయింది.

ఫిబ్రవరి 6

మా మ్యూజియంలో పాత డైరీల ప్రదర్శన. కింద పెట్టే కార్డులు రాసేది నేనే. ఒక పెట్టెలో రెండు డైరీలు, ఒకే తేదీ దగ్గర తెరిచి పెడుతున్నాం. ఒకటి పేరుమోసిన ప్లీడరుది, ఆయన పేరుతో ఒక వీధి కూడా ఉంది. రెండోది ఆయన పక్కింటి మాస్టారి భార్యది. ఆ రోజు వాళ్లిద్దరూ కలిశారు. గెలిచిన కేసుకీ కొన్న కొత్త బూట్లకీ మధ్య ఆయన ఒక్క లైను రాసుకున్నాడు, మధ్యాహ్నం హాయిగా గడిచిందని. ఆవిడ పేజీలకు పేజీలు రాసింది. తప్పు నాదే, తప్పంతా నాదే. మాస్టారు ఆవిణ్ని పుట్టింటికి పంపేశాడు. పిల్లల్ని మళ్లీ చూడనివ్వలేదు.

ఆయన కార్డు: "వయసులోని చిలిపితనాన్ని దాచుకోకుండా రాసుకున్న సరదా మనిషి."

ఆవిడ కార్డు: "క్షణికావేశానికి లొంగి, పచ్చని సంసారాన్ని చేజేతులా పాడుచేసుకున్న మనిషి."

డైరెక్టర్ గారు భేష్ అన్నారు. ఒక సెట్టు ఎక్కువ ప్రింటు చేయించి బ్యాగులో వేసుకున్నాను.

ఫిబ్రవరి 9

అమ్మాయి నాతో మాట్లాడటం లేదు.

ఫిబ్రవరి 12, రాత్రి

ఇవాళే ప్రారంభం. కార్డులు బిగించేది మా వడ్రంగి, మేకుల బాబాయి అంటాం. నిన్న కళ్లజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చాడు. ఆ పెట్టెలో రెండు కార్డులూ తారుమారు చేసేశాడు.

జనం వచ్చారు. ప్లీడరు డైరీ కింద, పచ్చని సంసారం పాడుచేసుకున్న మనిషి అని ఉంది. మాస్టారి భార్య డైరీ కింద, సరదా మనిషి అని ఉంది. ఒకాయన పగలబడి నవ్వాడు. ఒకావిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. డైరెక్టర్ గారు అందరి ముందూ నన్ను చెడామడా తిట్టారు. కార్డుల మీద పేర్లు లేవు. అయినా పొరపాటు పడిందని చెప్పడానికి ఎవరికీ క్షణం పట్టలేదు. నాకూ పట్టలేదు. దూరం నుంచి చూసే, అయ్యో తారుమారైందని పరిగెత్తాను. తల కొట్టేసినట్టయింది. తిట్లు తిన్నందుకు కాదు.

ఆ డైరీ మాకిచ్చినామె పెట్టె ముందే నిలబడి ఉంది. మాస్టారి భార్యకు మనవరాలు, రిటైరైన నర్సు. నేను స్క్రూడ్రైవరు తీసుకుని రాగానే నా చెయ్యి పట్టుకుంది.

"మా అమ్మమ్మని సరదా మనిషి అన్నవాళ్లు ఇన్నాళ్లకి మీరొక్కరే. ఈ ఒక్క పూటకి అలా ఉండనివ్వమ్మా."

డైరెక్టర్ గారు చూస్తున్నారు. చెయ్యి విడిపించుకున్నాను. మార్చేశాను. ఆవిడ చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. ఉద్యోగం పోతుందని భయపడ్డానని రాసుకుందామనుకున్నాను. అంత భయమేం లేదు. ఎక్కడివి అక్కడ ఉంటేనే నాకు స్థిమితంగా అనిపించింది. ఛీ.

ఫిబ్రవరి 14

కాలేజీ వాళ్లు ప్రదర్శనకు వచ్చారు. మా అమ్మాయి కూడా. ఆ పెట్టె దగ్గర చాలాసేపు నిలబడింది. ఈ కార్డులు ఎవరు రాశారని స్నేహితురాలు అడిగితే, తెలియదని చెప్పింది.

ఫిబ్రవరి 15

భోజనాల బల్ల మీద అమ్మాయి డైరీ తెరిచి ఉంది. కింద నా బ్యాగులోంచి తీసిన కార్డు. పచ్చని సంసారం కార్డే.

చదవకుండా మూశాను. తీసుకెళ్లి దాని పరుపు కిందే పెట్టాను, ఫోనుతో సహా. హాస్టల్‌కి వెళ్లమని పొద్దున్న చెప్తాను.

కార్డు నా ఈ డైరీ కింద పెట్టుకున్నాను.