విటెక్ వంతు

వూచ్ నగరం

విటెక్ అన్నా,

పక్షవాతం వచ్చాక మా బొగ్దాన్ అన్నయ్యకు మాట పడిపోయింది. డాక్టర్లు ఓపిక పట్టమంటున్నారు, అంతే.

బడి రోజుల్లో మీరిద్దరూ ఒకే కంప్యూటర్ మీద వంతులవారీగా ఆడిన యుద్ధాల ఆటను నిన్న పెట్టి చూపించాను. ఆటలోని కోట తీసేసి మీరు పెట్టుకున్న మన ఊరి నూలు మిల్లు, డ్రాగన్లకు బదులు ట్రాములు చూసి అన్నయ్య నవ్వాడు. ఎడమచేత్తో తన వంతు ఆడి, మౌస్‌ను పక్క కుర్చీ వైపు తోశాడు. నేను అందుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నువ్వు కాదే... విటెక్" అన్నాడు.

జబ్బుపడ్డాక అదే మొదటి మాట. మళ్ళీ ఇంకేమీ అనలేదు.

ఆటలో ఆ మార్పులన్నీ చేసింది ఎవరన్నదాని మీద మీరు తగువుపడి విడిపోయారు; అందులో న్యాయమెవరిదో నాకక్కర్లేదు. ఒక్కసారి రా. ఆడు, ఓడించు, పోట్లాడు. నిన్ను తిట్టడానికైనా నోరు విప్పుతాడేమో.

బొగ్దాన్ చెల్లెలు