చిన్నమ్మకు నేను చెప్పిన పాఠం

ఆదివారం రాత్రి, హుకుంపేట

ఇకమీదట ఈ ఊళ్లో మైకు పట్టుకుంటే ఒట్టు.

పోయినసారి వచ్చినప్పుడు చర్చిలో ఆరాధన అయ్యాక, నా క్యాన్సర్ పరిశోధన గురించి రెండు ముక్కలు చెప్పమన్నారు పాస్టరు గారు. తిండి దొరకని కణం తన లోపలి భాగాలనే తింటుందని, దాన్నే ఆటోఫజీ అంటారని చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. కీమో నడుస్తున్న మా చిన్నమ్మ మాత్రం వేరేలా అర్థం చేసుకుంది. తను తినకపోతే గడ్డ తనను తానే తినేసుకుని చస్తుందట! అప్పట్నుంచీ ఉపవాస ప్రార్థన పేరు చెప్పి, రోజుకో పూట గంజినీళ్లతో సరిపెడుతోంది. ఇవాళ వచ్చి చూస్తే చేతులు పుల్లల్లా ఉన్నాయి.

"తినొద్దని ఎవరు చెప్పారు నీకు?" అని అరిచాను.

"నువ్వే కదే గుంటా సెప్పినావు, మైకట్టుకొని."

నిజానికి నా ల్యాబులో క్యాన్సర్ కణాలు అలా చావడం లేదు. ఆకలితో మాడ్చేకొద్దీ తమలోని పాత సరుకే తిని ఇంకా మొండిగా బతుకుతున్నాయి. ఆ దారి మూసేద్దామని ఇన్నేళ్లుగా మందుల మీద మందులు మారుస్తున్నాను. ఒక్కటీ సరిగ్గా పనిచేయదు. పైగా ఇప్పుడు ఇది...

తిట్టి, బతిమాలి, చివరికి చోడి అంబలి చేతికిచ్చాను. రెండు గుక్కలు తాగి ఆగింది.

"ఇది ఎవులికెల్తాదే? నాకా, దానికా?"

ఇద్దరికీ వెళ్తుందని నాకు తెలుసు.

"నీకే. తాగు" అని కసిరాను.