గూడ్సు షెడ్డు దగ్గర పరేడ్

అన్నయ్యా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున్న ఏలూరు స్టేషను గూడ్సు షెడ్డుకి వెళ్లాను. బర్మా యుద్ధం నుంచి వచ్చాక ఇంటి కప్పు కింద నిద్ర పట్టక నువ్వు పడుకున్న చోటే. నీలాంటి పాత సిపాయిలు ఇంకా అక్కడే ఉంటున్నారు.

మా ఆసుపత్రిలో బూట్లు మెట్ల కిందే విడవాలి కదా. విడిస్తే ఎవరైనా పట్టుకుపోతారని నువ్వు మెట్ల దాకా వచ్చి వెళ్లిపోయేవాడివి. నర్సు గుడ్డలతో నేను వరండాలోంచి పిలుస్తూనే ఉండేదాన్ని. నీ కాలి పుండు బూటులోనే ముదిరిపోయింది.

కొత్త డాక్టరుగారు పట్టాళంలో చేసి వచ్చినాయన. "వాళ్లు రాకపోతే మనమే వెళ్దామమ్మా" అన్నారు. షెడ్డు దగ్గర నిలబడి "ఫాలిన్!" అని కేక పెట్టారు. దుప్పట్లు వదిలేసి అందరూ వరసలో నిలబడ్డారు. పట్టాళంలో కాళ్లు ఇలాగే చూసేవారట. బూట్లు విప్పి పక్కనే పెట్టుకోమంటే ఒక్కరూ కాదనలేదు. ఇంత తేలికని మాకెవరికీ తోచలేదు.

నేను బేసినుతో ఒక్కొక్కరి దగ్గరా కూర్చుంటూ వెళ్లాను. వరస చివర నీ బూట్లు కనిపించాయి. ఎడమదానికి లేసు బదులు నేను కట్టిన జనపతాడు అలాగే ఉంది. తొడుక్కున్నది కొల్లేటికోట సుబ్బన్న.

"మీ అన్నగారే ఇచ్చారమ్మా. ఇంక నాకెందుకురా అన్నారండి" అన్నాడు.

"విప్పండి బాబూ" అన్నాను.

ముడి పడిపోయి ఆయనకి రాకపోతే నేనే విప్పాను. నీ బూట్లలోంచి ఆయన పాదాలు వచ్చాయి. గోరువెచ్చని నీళ్లు పోసి వేళ్ల సందుల్లో కూడా కడిగాను. పుండేమీ లేదు.

తాడు మళ్లీ నేనే కట్టాను.