బొమ్మకు ఐదు మార్కులు

చిరంజీవి తమ్ముడు రాంచందర్‌కు అక్క వనజ దీవించి రాస్తున్నది. ఇక్కడ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. జైల్లో నీ ఒంట్లో ఎలా ఉందో రాయి.

అమ్మ మోకాలు ఎలా ఉందని అడిగావు. కొంచెం నయం. మొన్న తనే పత్తి చేను దాకా నడిచి వెళ్లింది.

కంది ఊళ్లో కాలేజీ ల్యాబులో నేను చేసే పనేమిటో నీ పక్కవాళ్లకు అర్థం కాలేదన్నావు. ముక్కూ మొహం తెలియని మనిషితో పది నిమిషాలు వీడియో కాల్‌లో మాట్లాడాలి. బొమ్మ ఎంత బాగా కనబడింది, మాట ఎంత బాగా వినబడింది అని ఐదుకు మార్కులు వేయాలి. మిషన్ల లెక్క ఎలా ఉన్నా, మనిషి కంటికీ చెవికీ ఏం తోచిందో వాళ్లకు కావాలట.

నిన్ను పట్టించిందెవరో కనుక్కోమని కూడా రాశావు. చెబుతాను.

ఆ మధ్యాహ్నం కాల్‌లో నాకు కలిపిన మనిషి పటాన్‌చెరులో తన గదిలో ఉన్నాడు. పేరు అంజయ్య. మిషన్ కింద కుడిచేతి వేళ్లు పోయాయట, కాంట్రాక్టర్ మీద కేసు పెట్టాడట. అది నువ్వు పనిచేసే కాంట్రాక్టరేనని నాకప్పుడు తెలియదు.

"జెర ఆగు చెల్లె, ఫోన్ డబ్బాకు ఆనిచ్చి పెడ్త" అన్నాడు. పెట్టి కూర్చున్నాడో లేదో తలుపు విరిగిపడింది, ఇనప రాడ్‌తో ఒకడు లోపలికి దూకాడు.

మొదటి దెబ్బ ఎడమచేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు హెడ్‌ఫోన్‌లో నా చెవి పక్కనే వినబడింది. రెండోది నోటి మీద. రక్తం ఫోన్ మీదికి చిందింది.

"కొట్టకు తమ్మీ, దండం పెడ్త!"

"కేసు వాపస్ తీస్కుంటవా లేదా?"

రాడ్ ఎత్తిన మనిషి ఇటు తిరిగాడు. నువ్వు.

అరవబోయాను. అరిస్తే నీ పేరు అందరికీ తెలిసిపోతుందని నోరు మూసుకున్నాను. అంతలో పడ్డ మూడో దెబ్బకే అంజయ్య కన్ను పోయింది. ఈ మాట ఇంతవరకు అమ్మతో కూడా అనలేదు.

కాల్ సంగతి తెలిసి పోలీసులు వచ్చేలోపు మా ల్యాబు నడిపే నిషిత మేడం మార్కుల కాగితం నా ముందుకు తోసింది. "మసక ఉండెనని రాసెయ్ వనజా, నీకెందుకు ఈ పరేషాన్?" అంది. నేను బొమ్మకు ఐదు వేశాను.

"మొహం సాఫ్ కనవడ్డదా?" అని ఎస్సై అడిగాడు.

"కనవడ్డది సార్. వాడు నా తమ్ముడు."

నిన్న ఆసుపత్రికి వెళ్లి అంజయ్య భార్యకు నేనెవరో చెప్పాను. వార్డులో అందరి ముందూ చెంప పగలగొట్టింది. మళ్లీ కొట్టింది. చేయి అడ్డం పెట్టలేదు. తర్వాత ఆమే నా భుజం పట్టుకుని ఏడ్చింది, "కోర్టుల గిదే చెప్తవా?" అని అడిగింది.

చెబుతానన్నాను. ఆ రోజు నువ్వు తల దించుకోకు, రాంచందర్. నీ మొహం చూసే చెబుతాను.

ఇట్లు,
నీ తోడబుట్టిన అక్క,
వనజ