మీ జాయింటు సంగతి

పాప వాళ్ళ నాన్నగారికి నమస్కారం.

ఇక్కడ నేనూ, పాపా, అత్తయ్యగారూ కులాసాగానే ఉన్నాం. మీరు వేళకి తింటున్నారనే అనుకుంటున్నాను. ఫోనులో అయితే సగం మాటలోనే నవ్వేసి తప్పించుకుంటారు. అందుకే కాగితం పట్టుకున్నాను.

చొక్కాలన్నిటికీ బొత్తాలు పీకేసి టిచ్ బటన్లు ఎందుకు కుట్టానని అడిగారు. బొత్తాలు మాటిమాటికీ ఊడిపోతున్నాయి, సూదీదారంతో కూర్చునే ఓపిక నాకు లేదు. ప్రస్తుతానికి ఆ జవాబుతో సరిపెట్టుకోండి. పాప లెక్కలు ఎలా చేస్తోందన్నారు. "నాన్న చెబితే అర్థమవుతుంది, నువ్వు చెబితే ఆకలేస్తుంది" అంటోంది. దాని నోరు అచ్చం మీదే.

మీ దగ్గర వెల్డింగ్ నేర్చుకునేవాళ్ళకి క్రీప్ గురించి నాలుగు ముక్కలు రాయమన్నారు కదా, రాసుకోండి. ఆవిరి గొట్టం లోపలి వేడికీ ఒత్తిడికీ ఏళ్ళ తరబడి కంటికి తెలియకుండా సాగుతూ ఉంటుంది, అదే క్రీప్. మామూలు ఇనుమైతే ఎప్పుడో చేతులెత్తేస్తుంది. క్రోమియం కలిపిన ఉక్కులో రేణువుల అంచుల మీద సన్నని గట్టి కణాలుంటాయి. రేణువులు జారకుండా అవే పట్టుకుంటాయి. కాలం గడిచేకొద్దీ ఆ కణాలు ఒకదాన్నొకటి మింగి లావవుతాయి, సంఖ్య తగ్గుతుంది, పట్టు సడలుతుంది. అప్పుడు రేణువుల అంచుల్లో సూదిమొనంతైనా లేని బొక్కలు పడతాయి. అవి కలిస్తే పగులు. వెల్డుని ఆనుకుని ఉండే సన్నని పట్టీలోనే ఈ ముప్పు ఎక్కువ. వెల్డింగ్ వేడికి అక్కడి ఉక్కు మెత్తబడుతుంది, వెల్డరు ఎంత మొనగాడైనా ఆ పట్టీ తప్పదు. ఈ చివరి మాట మీ వాళ్ళ చేత రెండుసార్లు చదివించండి. మీరూ చదవండి.

ఎందుకంటే, మీ జాయింటు ఎలా ఉందని కూడా అడిగారు.

మా కరెంటు ప్లాంటులో టర్బైనుకి వెళ్ళే పెద్ద ఆవిరి గొట్టం మలుపు దగ్గర, మన పెళ్ళికి ముందు మీరు వేసిన జాయింటు. ప్రతి కొత్త బ్యాచికీ దాని కథే చెబుతారని నాకు తెలుసు. మనకి మాటలు కలిసిందీ దాని కిందే. నేను ఎక్స్-రే ఫిల్ము పట్టుకుని "మచ్చ ఒక్కటీ లేదండీ" అంటే, "ఇంకోసారి చూడండి, దొరుకుతుందేమో" అన్నారు. ఎంత పొగరో!

ఈసారి ప్లాంటు ఆపినప్పుడు దాని వంతు వచ్చింది. పరంజా ఎక్కి, గొట్టం మీద అరచేతంత మేర పాలిష్ పట్టి, యాసిడ్‌తో తుడిచి, ప్లాస్టిక్ పొర అతికించి ముద్ర తీశాను. మైక్రోస్కోపులో శుభ్రంగా కనిపించింది. "హమ్మయ్య, రెండు వారాల పని తప్పింది మేడమ్" అన్నాడు సూపరింటెండెంటు. నేనూ హమ్మయ్య అనుకున్నాను.

ఇంటికొచ్చి వంట చేస్తుంటే తట్టింది. ఒక్కసారే పాలిష్ పట్టాను. అలా పడితే ఉక్కు పైపొర సాగి బొక్కల మీద మూతలా పరుచుకుంటుంది. యాసిడ్, పాలిష్, మళ్ళీ యాసిడ్, మళ్ళీ పాలిష్, ఇలా చేస్తేగానీ అసలు ముఖం బయటపడదు. మిగతా గొట్టాలన్నిటికీ అలాగే చేశాను. మీ జాయింటు దగ్గర మాత్రం మెరవగానే చెయ్యి ఆగిపోయింది. ఇది మీ జాయింటు కాబట్టే చేసిన తప్పు.

మర్నాడు మళ్ళీ పరంజా ఎక్కాను.

"నిన్న చూశారు కదా మేడమ్, మళ్ళీ ఏంటి?"

"నిన్న చూడలేదండీ, మెరిపించాను" అన్నాను.

ఈసారి బొక్కలు కనిపించాయి, గొలుసుకట్టుగా. మీ వెల్డులో ఒక్కటీ లేదు, అన్నీ పక్కనున్న పట్టీలోనే. కోసేసి కొత్త ముక్క వేయాలని రాసి సంతకం పెట్టాను. మొన్న కోసేశారు. నేను అక్కడే నిలబడ్డాను.

ఇంతే అయితే ఫోనులోనే చెప్పేదాన్ని. కొత్త జాయింట్లకి మిమ్మల్నే పిలుద్దామన్నాడు సూపరింటెండెంటు. "ఆయన చెయ్యి పడితే మాకు నిశ్చింత. మీరు అడిగితే కాదనరు." నేను వద్దన్నాను. నత్తని పిలవమన్నాను. అవునండీ, మీ నత్తే. "వీడు జాయింటు పూర్తిచేసేలోపు ప్లాంటు ముసలిదైపోతుంది" అని మీరు వెక్కిరించిన శిష్యుడే. ఈ ఉక్కుని నిదానంగా వేడిచేసి నిదానంగా చల్లార్చాలి, వాడికి తొందరన్నదే తెలియదు.

కోపం వస్తుంది, రానివ్వండి. టిచ్ బటన్లకి నేను చెప్పిన కారణం అబద్ధం. పోయినసారి మీరు వచ్చినప్పుడు అద్దం ముందు చొక్కా బొత్తాలు పెట్టుకుంటుంటే గుమ్మంలోంచి చూశాను. కుడిచెయ్యి వణుకుతోంది. ఎడమచేత్తో దాన్ని అదిమిపట్టి మళ్ళీ ప్రయత్నించారు. నన్ను చూసి, "ఈ కాజా మరీ బిగుతుగా ఉందే" అన్నారు. నమ్మినట్టు తలూపాను. మీరు పాపతో బయటికి వెళ్ళాక బొత్తాలన్నీ కత్తిరించేశాను. అదీ మెరిపించడమే. చూసిన దాని గురించి ఒక్క మాట అడగలేదు. నాకు భయమేసిందండీ.

ఎందుకు వద్దంటున్నారని సూపరింటెండెంటు అడిగితే, మీకు అక్కడ తీరిక లేదన్నాను. మీ చేతి సంగతి ఎవరికీ చెప్పలేదు. మొదట చెబుతున్నది మీకే.

నత్త ఒక మెలిక పెట్టాడు. "గురువుగారు పక్కన కూర్చుని తిడుతుంటేనే నేను వెల్డింగ్ టార్చి పట్టుకుంటా మేడమ్" అన్నాడు. కాబట్టి సెలవు పెట్టి రండి. పగలు వాణ్ణి తిట్టండి, సాయంత్రం ఇద్దరం డాక్టరు దగ్గరికి వెళదాం.

ఇక్కడి బీరువాలో గళ్ళచొక్కా ఒక్కటీ నా కత్తెరకి చిక్కక బొత్తాలతోనే మిగిలింది. డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజుకి అదే వేసుకోండి. ఈసారి గుమ్మంలో నిలబడను. దగ్గరికొచ్చి బొత్తాలు నేనే పెడతాను.

ఇట్లు,
పాప వాళ్ళమ్మ