మామగారి పెద్దకర్మ ప్రకటనలో మీ అక్కగారు

ఏవండీ,

మీకు తోబుట్టువులు లేరన్న మాట అబద్ధం. మన మనవరాలు లలిత వంశవృక్షం రాస్తానని లైబ్రరీలో పాత పేపర్లు తిరగేసింది. మన పెళ్ళికి ముందే పోయిన మామగారి పెద్దకర్మ ప్రకటన దొరికింది. అందులో కుమారుడు మీరు, కుమార్తె సుభద్ర, మొగల్తూరు. ఇంత కాపురంలో ఆ పేరు మీ నోట వినలేదు. గొడవైతే పేపర్లో ఎందుకు వేయించారు? లేకపోతే నాకెందుకు చెప్పలేదు? ఎటు ఆలోచించినా అర్థం కావడం లేదు.

లలిత వాకబు చేసి ఫోన్ చేస్తే ఆవిడే తీశారట.

“తమ్ముడు చేయించాడా అమ్మా? ఇప్పటికి గుర్తొచ్చానా వాడికి?”

మీరు పోయారని ఆవిడకు తెలియదు. లలిత చెప్పలేక, “మామ్మని తీసుకొస్తానండి” అని పెట్టేసింది.

రేపు వెళ్తున్నాం. వదినగారికి చీరైతే కొన్నాను గానీ, మీ సంగతి ఎలా చెప్పాలో తోచడం లేదు. మీరు కాస్త ముందుగా వెళ్ళి ఆవిడను కూర్చోబెట్టి ఉంచండి. నిలబడి వినే కబురు కాదు.